పాతబండి దీపము

మోటారుసైకిలు ముందుదీపమును గూర్చి ఒక గృహిణి వ్రాయబూనుట చూచి సోదరీమణులు కొందఱు నవ్వుకొనవచ్చును. దేవునిగూటి దీపము, తులసికోట దీపము, వంటయింటి దీపము, ఇవి గదా మన పాలివి! అయినను రాత్రి పదిగంటలు దాటినపిమ్మట వీధితలుపు గడియవేయక, దూరమునుండి వచ్చు బండిచప్పుడునకు చెవియొగ్గి కూర్చుండు నలవాటు ఏ యింట గలదో, ఆ యింటి యిల్లాలికి ఆ బండిదీపముతోను సంబంధము కలదని మా యభిప్రాయము. పైగా బండి తోలువారు దీపమునకు వెనుక నుందురు. దాని గుణదోషములు ఎదుర నిలిచినవారికి తెలిసినంతగా వారికి తెలియవు.

మా యింటి బండి బులెట్టు. మామగారు 1969లో కొనినది. ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణమున పుట్టిన ఈ జాతి బండ్లు 1955లో మదరాసునకు వచ్చినవి. తిరువొత్తియూరు కర్మాగారమున తయారైనదే మాది. పుట్టినింటివారు 1970 ప్రాంతమున దుకాణము కట్టివేసినను మెట్టినింట మాత్రము వంశము నిలిచినది. మామగారు రైల్వేలో పనిచేసిరి. 1971 జనవరి 20వ తేదీన ఇందిరాగాంధీగారు విశాఖ ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన చేసిననాడు, అత్తగారిని వెనుక కూర్చుండబెట్టుకొని యీ బండిమీదనే పోయి చూచివచ్చిరట. ఆ కథ మా యింట ఏటికొకసారియైనను వినవలసినదే. మామగారు గతించి యేడేండ్లయినది. అప్పటినుండి మావారు ఆదివారము నాడు బండిని తుడుచు తీరు చూచినచో దేవుని పటము తుడుచుచున్నారేమో యని తోచును. ఒక్క మర మార్చినను తండ్రిగారి చేతివ్రాలు చెఱిపివేసినట్లగునని వారి భయము. మేము దానినెన్నడును చులకన చేయలేదు. వస్తువులను పట్టుకొని మనుష్యులను తలచుకొనుట మన యిండ్లలో క్రొత్త గాదు.

కాని దీపముమాట వేఱు. మహాభారతమున ద్రోణపర్వములోని రాత్రియుద్ధమున కౌరవసేనలో దీపములు పంచిన లెక్క యొకటి వ్యాసులవారు చెప్పియున్నారు. రథమునకు అయిదు, ఏనుగునకు మూడు, గుఱ్ఱమునకు ఒక్కటే పెద్దదీపము. మా గుఱ్ఱమునకును ఒక్కటే. పెద్దదని మాత్రము అనజాలము. ఆఱు వోల్టుల బ్యాటరీ, ముప్పది వాట్ల బల్బు. దానిని దించి నేలచూపు చూపినచో ఇరువదినాలుగు వాట్లే. దాని కిరువైపుల టైగరు ల్యాంపులని రెండు చిన్న కన్నులున్నవి. అవి చూచుటకు ముద్దు గొలుపునేగాని దారి చూపుటకు గావు.

దువ్వాడ నెఱుగనివారికి రెండు మాటలు చెప్పవలెను. విశాఖపట్టణము స్టేషనులోనికి పోయిన రైలు ముందుకు సాగవలెనన్న ఇంజను మార్చుకొని వెనుకకు తిరుగవలసియుండును. అందుచేత హౌరా, చెన్నై నగరముల నడుమ తిరుగు దూరపు బండ్లు కొన్ని పట్టణములోనికే పోక దువ్వాడ మీదుగ సాగిపోవును. విశాఖకు రాదలచినవారు అర్ధరాత్రి, అపరాత్రి మా స్టేషనులో దిగుదురు. ఒకప్రక్క ఉక్కు కర్మాగారము, ఒకప్రక్క 1989లో వెలసిన ఎగుమతుల మండలము. షిఫ్టు మారువేళ జనము గుంపులుగ రోడ్డెక్కుదురు. కూర్మన్నపాలెము దగ్గఱ జాతీయరహదారిమీద ఉక్కుచుట్టలు మోయు లారీలకు రాత్రియనిలేదు, పగలనిలేదు. పెద్దరోడ్డుమీద దీపస్తంభములున్నవి. లోపలిదారులలో ఒక స్తంభము వెలిగిన రెండు నిద్రపోవును. ఇట్టిచోట బండికి గల దీపమే దిక్కు.

పోయిన కార్తికమాసమున మా ఆడపడుచు రాత్రిబండికి దిగుచున్నదని మావారు స్టేషనునకు బయలుదేఱిరి. చిఱుజల్లు పడుచుండెను. మలుపు తిరిగిన కొంతసేపటికి, నల్లని గొంగడి కప్పుకొని సైకిలుమీద గోనెబస్తా పెట్టుకొని త్రోసికొనుచు పోవుచున్న ముసలాయన యొకడు పదునైదడుగుల దూరమునకు వచ్చువఱకు కంటబడలేదట. బ్రేకు త్రొక్కిరి, బండి జారి పడినది. మోకాలు చీరుకొనిపోయినది, ఒక ప్రక్క హ్యాండిలు వంగినది. ముసలాయనకు దెబ్బ తగులలేదు. ఆయనయే సైకిలు గోడకానించి వచ్చి మావారిని లేవదీసి, “ఏటి మాస్టారూ, లైటేసుకోనేదా?” అని యడిగెనట.

దీపము వెలుగుచునే యున్నది.

మావారు బడిలో భౌతికశాస్త్రము చెప్పుదురు. పసుపుకట్టు కట్టిన కాలు చాపుకొని మఱునాడు వారే లెక్క వేసిరి. గంటకు నలుబది కిలోమీటర్ల వేగమున పోవు బండి సెకనుకు పదునొకండు మీటర్లు పోవును. ఎదుర నున్నదేదో కన్ను చూచి, మనస్సు తెలిసికొని, కాలు బ్రేకుమీదికి పోవునప్పటికి సెకనున్నర. ఆ సెకనున్నరలో పదునాఱు మీటర్లు గడచిపోవును. ఆపైని డ్రమ్ము బ్రేకులు బండిని నిలుపుటకు పొడినేలమీదనే మఱి పండ్రెండు పదుమూడు మీటర్లు కావలెను. మొత్తము మీద దాదాపు ముప్పది మీటర్లు. ఆ రాత్రి దీపము చూపినది అయిదు మీటర్లు. ఇంక నా లెక్కకు మేము కలిపినది ఒకటి కలదు: వయసు మీఱినకొలది కంటిపాప చీకటిలో మునుపటివలె విప్పారదు. ఇరువదియైదేండ్ల మామగారికి చాలిన వెలుగు నలుబదియాఱేండ్ల కుమారునికి చాలవలెనని నియమమేమి?

హరికేను లాంతరు మసకగ వెలిగినచో మనము వెంటనే వత్తి పెంచుదుమా? మొదట చిమ్నీ తుడుతుము; చమురున్నదా యని చూతుము; తరువాత గదా వత్తి! బండిదీపమునకు నదే వరుస. కాని బజారులో నెవరి నడిగినను మొదటి మాట, “క్రొత్త బల్బు వేయించుడు.” ఈ మాట యమ్మువారికి లాభము. కొనువారికి ఒక్కొక్కప్పుడు లాభము, ఒక్కొక్కప్పుడు నష్టము.

గాజువాకలో పాతబండ్ల వైరింగు పని తెలిసిన మేస్త్రి యొకరున్నారు. వారు బల్బు జోలికి పోక మీటరు తీసిరి. ఇంజను నడచుచుండగా బ్యాటరీయొద్ద ఆఱు వోల్టులకు పైచిలుకు. బల్బుకాడల యొద్ద సరిగా అయిదు. “బల్బుది తప్పు నేదమ్మా, కరెంటు దారిలోనే అయిపోతంది,” అనిరి. కాలువ మొదట నీరు నిండుగ పాఱుచున్నను చివరిపొలమునకు తడి యందనట్లన్నమాట. వోల్టు పోయినంతమాత్రమున నేమని తోచును గాని, తీగదీపముల స్వభావము చిత్రమైనది. వోల్టేజి పదింట నొకవంతు తగ్గినచో వెలుగు పదింట మూడు వంతులు తగ్గును. ఆ లెక్కను మా దీపము తన వెలుగులో సగమునకు పైగా దారిలోనే పోగొట్టుకొనుచున్నది.

పోవుచున్న చోటులు మూడు. ఏబదేండ్ల నాటి సన్నని తీగ. నల్లబడిన స్విచ్చి మొనలు. అన్నిటికంటె ముఖ్యము, ఎర్తు. మోటారుబండ్లలో కరెంటు ఒక తీగన పోయి, తిరిగివచ్చుట బండి యినుముద్వారా వచ్చును. ఆ యినుము సముద్రపుగాలికి త్రుప్పుపట్టినచో తిరుగుదారి మూసికొనిపోవును. మా యూరి గాలికి కిటికీ చువ్వలే నిలువవు, బండిలోపలి మర నిలుచునా? మేస్త్రి ఆ చోటులను ఉప్పుకాగితముతో రుద్ది మెఱయించి, దీపమునకు వేఱుగ లావుపాటి తీగ లాగి, నడుమ రిలే యను చిన్న డబ్బీ నొకదానిని బిగించిరి. రిలే యున్నచో స్విచ్చి ఆజ్ఞ మాత్రమే యిచ్చును; బరువంతయు బ్యాటరీనుండి నేరుగా వచ్చు లావుతీగ మోయును. కచేరీలో సంతకము చేయువారొకరు, మూటలు మోయువారు వేఱొకరు గదా! సంతకపుచేతులు కాలవు.

గిన్నెమాట యింకొకటి. బల్బు వెనుకనుండు అద్దపుగిన్నెను బజారులో డూమందురు. మాదానిలో వెండిపూత పొరలు పొరలుగ లేచి, నడుమ కాటుకమరక వలె నల్లబడియున్నది. వెలుగును ముందుకు త్రోయవలసిన గిన్నె తానే మ్రింగుచున్నది. ఇక్కడ సోదరీమణుల కొక హెచ్చరిక. కంచుచెంబును తోమినట్లు చింతపండుతోనో ముగ్గుపొడితోనో దీని జోలికి పోరాదు. ఆ పూత గోరు తగిలిన గీఱుకొనిపోవును. పూత మఱల వేయించుటయే దారి. మేము వేయించితిమి.

ఇంతవఱకు క్రొత్తవస్తువు బండిమీది కెక్కలేదనియే చెప్పవచ్చును. అయినను ఆ రాత్రి వీధిలో దీపము వేసినప్పుడు ప్రక్కయింటివారు బయటికి వచ్చి చూచిరి. మునుపటికి రెట్టింపు వెలుగు. మావారి సంతోషము చెప్పనలవి గాదు. ఏమియు మార్చలేదు, ఉన్నదానిని ఉన్నట్లు చేసితిమని వారి తృప్తి. మేమును ఇంతటితో ముగిసినదనుకొంటిమి. కాని మూడవనాడు పెద్దరోడ్డుమీద లారీ యొకటి యెదురు వచ్చినప్పుడు దీపము దించవలసివచ్చెను. దించిన ఇరువదినాలుగు వాట్లు ఆ లారీవెలుగు ముందు మిణుగురైపోయినవట. కావున ముప్పది మీటర్ల లెక్క ఇంకను తేలలేదు.

ఇట్లుండగా మా మఱిది కుమారుడు సెలవులకు వచ్చెను. వాడికి పెదనాన్నగారి బండియన్న ప్రాణము. ఇంటర్నెట్టులో నొక ఎల్‌.ఇ.డి. బల్బు తెప్పించి, “పెదనాన్నా, ఇది ఆఱు వోల్టులకూ పనిచేస్తుంది, కరెంటు కూడా తక్కువే లాగుతుంది, చూడండి!” అని తానే బిగించెను. వాడు చెప్పినది అబద్ధము గాదు. తక్కువ కరెంటుతో ఎక్కువ వెలుగిచ్చుట ఎల్‌.ఇ.డి.కి గల గొప్పగుణము. బలహీనమైన పాత యాల్టర్నేటరునకు అది వరమువంటిదే. మావారు ఒకచుట్టు చుట్టివచ్చి, “పట్టపగలువలె నున్నది!” అనిరి.

అత్తగారును మేమును అప్పుడే గుడినుండి తిరిగివచ్చుచుంటిమి. ఎవరో లారీవాడు సందులోనికి వచ్చినాడనుకొంటిమి. బండి కనబడలేదు, తోలువారు కనబడలేదు, రోడ్డంచు కనబడలేదు. తెల్లని గోడవంటి వెలుగొక్కటే. మాకు కొంచెము ముందుగ మండలమునుండి పనిముగించుకొని వచ్చు ఆడుపిల్లలు నలుగురైదుగురు నడుచుచుండిరి. వారిలో నొకతె కన్నులకు చున్నీ అడ్డము పెట్టుకొని ప్రక్కకు జరుగబోయి రోడ్డుదిగి బురదలో కాలు వేసెను. అక్కడ బురదయే యున్నది గనుక సరిపోయినది. ఇంకొక పదిగజముల ముందు పైకప్పు లేని కాలువ. బండి దాటిపోయిన తరువాతగూడ మాకు రెండుమూడు నిమిషములు నేల తెలియలేదు. అత్తగారి మోచేయి పట్టుకొని అట్లే నిలిచిపోతిమి.

ఇంటికి వచ్చి ఈ సంగతి చెప్పితిమి. మావారు నమ్మలేదని యనము. నమ్ముటకు వారికి మనసొప్పలేదు. “దీపము దించియే యుంచితిని,” అనిరి. నిజమే, దించియే యుంచిరి. అప్పుడు మేము, “అయినచో అబ్బాయిని బండి తోలనిండు. మీరు వచ్చి మేము నిలిచిన చోట నిలువుడు,” అని యడిగితిమి. వెళ్లిరి. అబ్బాయి దీపము దించి మెల్లగ తోలుకొనివచ్చెను. మావారు చేయి అడ్డము పెట్టుకొనిరి. తిరిగి యింటికి వచ్చునంతవఱకు ఒక్కమాట యనలేదు. ఆ రాత్రియే మరలు విప్పి పాతబల్బు పెట్టిరి.

దీనికి కారణము మేస్త్రి చెప్పగా విని, మావారు బొమ్మ గీసి చూపగా తెలిసికొంటిమి. బండిదీపములో బల్బు, గిన్నె, ముందరి గాజు, ఈ మూడును ఒకదానికొకటి కుదిర్చి చేసినవి. బల్బులోని తీగ గిన్నెలో ఒక నియమితమైన స్థానమున, వెండ్రుకవాసి తప్పక ఉండవలెను. దించిన దీపమునకు వేఱుతీగ. అది కొంచెము తప్పించిన చోట నుండును. ఆ తప్పింపువలననే వెలుగు క్రిందికి, మనదేశమున ఎడమకు వంగి పోవును. గాజుమీది చాఱలు అందముకొఱకు గావు. అవి వెలుగును ఇంతమేర పఱచవలెనని తీర్చినవి. తీగ ఉండవలసిన చోట ఎల్‌.ఇ.డి. బిళ్లలు ప్రక్కలకు నతికించి పెట్టినచో, వెలుగు పుట్టవలసిన చోటుననే పుట్టదు. పుట్టిన వెలుగు గిన్నెలో చెదరి సగము ఎదుటివాని కన్నులలోనికే పోవును. వాట్లెన్ని, వెలుగెంత యని డబ్బామీద వ్రాసియుండును గాని, అది యెక్కడ పడునో వ్రాసియుండదు.

ఎల్‌.ఇ.డి.మీద మాకు పగలేదు. దానికని ప్రత్యేకముగ గిన్నె, గాజు కుదిర్చి ఒక్కటిగ చేసిన దీపములున్నవి. అవి దించినప్పుడు గీత గీసినట్లు క్రిందనే వెలుగును. ఇప్పటి క్రొత్తబండ్లలో చాలవఱకు అట్టివే వచ్చుచున్నవి. దూరదేశములనుండి వచ్చు సరుకులో మాత్రము ఇంకొక చిక్కు కలదు. అమెరికాలో, ఐరోపాఖండమున ఎక్కువ దేశములలో బండ్లు రోడ్డునకు కుడివైపున పోవును. వారికొఱకు చేసిన దీపము దించినప్పుడు కుడికి వంగును. అది తెచ్చి మన బండికి పెట్టినచో ఎడమప్రక్క నడుచువాడు చీకటిలో నుండును, ఎదురువచ్చువాడు గ్రుడ్డివాడగును. కొనునప్పుడు ఎడమవైపు నడకకు చేసినదా యని యడిగినవారిని మేమింతవఱకు చూడలేదు.

చివరకు మేస్త్రి చూపిన దారి పండ్రెండు వోల్టులకు మార్చుట. ఇందులోని కిటుకు సులభము. ముప్పది వాట్ల దీపమునకు ఆఱు వోల్టులలో అయిదు ఆంపియర్ల కరెంటు పాఱవలెను. పండ్రెండు వోల్టులలో అంతే వెలుగునకు రెండున్నర చాలును. కరెంటు సగమైనచో తీగలో వృథాయగు శక్తి నాల్గవవంతునకు తగ్గును. కాని దీనికై యాల్టర్నేటరు తీగచుట్టలను తిరుగచుట్టించి, క్రొత్త రెగ్యులేటరు బిగించి, బ్యాటరీ, హారను, ఇగ్నిషను కాయిలు, చిన్నబల్బులన్నియు మార్చవలెను. అదిగాక బల్బు హాలొజనుది గనుక పాతగిన్నె పనికిరాదు. ఆ బల్బునకు తగిన ఏడంగుళముల గిన్నె, గాజు తేవలెను.

మావారు వెనుకాడిరి. వీధిలో తెలిసినవారొకరు వచ్చి భయపెట్టిరిగూడ. 2021లో కేంద్రప్రభుత్వము ఏబదేండ్లు దాటిన బండ్లకు వేఱుగ నిబంధనలు చేసినది. మూలరూపము చెడని వానికి ‘వి.ఎ.’ యను అక్షరములతో ప్రత్యేకమైన నంబరు నిత్తురు, రుసుము ఇరువదివేలు. మా బండికి వయసు చాలును. గిన్నె మార్చినచో ఆ గౌరవము దక్కునా యని వారి ప్రశ్న. అయితే అట్టి నంబరుగల బండిని నిత్యము రోడ్డుమీద వాడరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతునకు, ఇట్టి కొన్ని పనులకు మాత్రము తీయవచ్చును. మాకు కావలసినది బడికి, స్టేషనునకు పోవు బండి. అయినను మావారి మనసులోని ముల్లు ఆ నంబరు గాదని మాకు తెలియును.

ఆ ముల్లు తీసినవారు అత్తగారు. భోజనము వడ్డించుచు, “మీ నాన్నగారు కళ్ళజోడు నాలుగుసార్లు మార్చారు. అప్పుడాయన మీ నాన్నగారు కాకుండా పోయారా?” అనిరి. మావారు కంచములోనికి చూచుచు కూర్చుండిరి. మఱునాడు ఉదయము బండి గాజువాకకు పోయినది.

ఒక్క నియమము మాత్రము వారు పెట్టిరి. పాతతీగలలో ఒకటియు కోయరాదు, పాతవస్తువులలో నొకటియు పాఱవేయరాదు. ఆ ప్రకారము విప్పినవన్నియు పాతపంచెలో మూటకట్టి మామగారి ట్రంకుపెట్టెలో నుంచితిమి. వెండిపూత వేయించిన గిన్నెయు అందులోనే యున్నది. టైగరు ల్యాంపులు యథాస్థానముననే యున్నవి, లోపలి బల్బులు మాత్రము మాఱినవి.

బజారులో అఱువది, ఏబదియైదు వాట్ల హాలొజను బల్బే పెట్టుమనిరి. కార్లలో నుండునదదియే. మేస్త్రి వద్దనిరి. మా యాల్టర్నేటరు పుట్టించు శక్తి యంతయు దీపమే త్రాగివేసినచో బ్యాటరీకి మిగులునదేమి? ఇంటికి వచ్చు జీతమంతయు నూనెకే పోసినట్లగును. ముప్పదియైదు వాట్లది చాలుననిరి. వాట్లు పెరిగినవి అయిదే గాని వెలుగు చాల పెరిగినది. మామూలు బల్బులో వేడికి టంగ్‌స్టను తీగ కొంచెము కొంచెముగ ఆవిరియై గాజుబుడ్డికి లోపల మసివలె పట్టును. అందుచేతనే పాతబల్బు నల్లబడును. హాలొజను బల్బులో అయొడీను, బ్రోమీను జాతివాయువు ఆ యావిరిని పట్టుకొని తిరిగి తీగమీదనే దించును. కాబట్టి తీగను మఱింత వేడిగ, తెల్లగ వెలిగింపవచ్చును. ఈ బల్బును వట్టిచేతితో ముట్టరాదు. వ్రేలిజిడ్డు అంటినచోట గాజు అతిగ కాగి పగులును. శుభ్రమైన గుడ్డతో పట్టుకొనవలెను.

2017 ఏప్రిలు 1వ తేదీనుండి మనదేశమున క్రొత్తగ చేయు మోటారుసైకిళ్లన్నిటికి ఇంజను నడచినంతసేపు ముందుదీపము వెలుగుచునే యుండవలెనని నియమము. పాతబండ్ల కది వర్తింపదు. అయినను అబ్బాయి తమాషాకు మా బండి నొకనాడంతయు పగలుగూడ దీపముతో త్రిప్పెను. సాయంత్రమునకు అమ్మీటరు ముల్లు ఇంకను నిలుకడగనే యుండెను. మేస్త్రి లెక్క సరిపోయినదని సంతోషించితిమి.

దీపము బిగించుటతో పని ముగియలేదు. సరిగ చూపు నిలుపవలెను. ఈ పనికి మేస్త్రికంటె యింటివారే తగుదురు, తీరిక కావలెను గనుక. బండిని సమమైన నేలమీద, గోడకు ఇరువదియైదడుగుల దూరమున నిలిపితిమి. మావారు బండిమీద కూర్చుండిరి. టైర్లలో గాలి చూచితిమి. దీపపు నడుమ భాగము నేలనుండి యెంత యెత్తున నున్నదో కొలిచి, గోడమీద అంత యెత్తున ముగ్గుకఱ్ఱతో గీత గీసితిమి. దానికి మూడునాలుగంగుళముల క్రింద మఱియొక గీత. దించిన దీపపు పైయంచు ఆ రెండవగీతను దాటకూడదు. మర యొక పాతిక త్రిప్పు త్రిప్పుటకే గోడమీద వెలుగు జానెడు జరిగినది. అప్పటికి సరిపడినదనుకొంటిమి. ఇంతలో అత్తగారు, “వెనకాల నువ్వెక్కి కూర్చో, అప్పుడు చూడు,” అనిరి. ఎక్కి కూర్చుంటిమి. బండి వెనుకభాగము క్రుంగి, వెలుగు రెండుగీతలును దాటి మామిడికొమ్మల మీదికి పోయినది! మావారు నవ్వుటకు సాహసింపలేదు గాని, అబ్బాయి నవ్వెను. ఇద్దఱెక్కినప్పుడుగూడ పైగీత దాటకుండునట్లు మఱికొంత దించితిమి. బజారుసంచి తగిలించిననాడు ఇంకొకతూరి చూచుకొనవలెను.

పిదప అత్తగారును మేమును మునుపు నిలిచిన చోటనే పోయి నిలిచితిమి. మావారు దీపము దించి యెదురువచ్చిరి. వెలుగు మా నడుము దాటలేదు. కాలువ యంచు కనబడినది, తోలువారి ముఖము కనబడినది. అటునుండి వారికి ముప్పదియైదు మీటర్ల దూరమున ఎడమ యంచున నున్న మైలురాయి తెలిసినదట. అబ్బాయి అడుగులతో కొలిచి వచ్చి చెప్పెను.

మొత్తము వ్యయము పదివేలకు లోబడి యైనది. అందులో మొదటి వైరింగుపని పదింట నొకవంతైనను కాలేదు. పాతబండి గలవారు ఆ మొదటిపని చేయించి, రెండురాత్రులు తోలి చూచి, ఆపైని మిగిలినది తలపెట్టుట మేలు. పండ్రెండు వోల్టులకు మార్చువారు ఇంకొకటి చూచుకొనవలెను. పాత ఇంగ్లీషుబండ్లు కొన్నిటికి బ్యాటరీ ధనాగ్రమును ఇనుమునకు కలిపియుందురు. ఇప్పటి వాడుక ఋణాగ్రమును కలుపుట. ఇది చూడక బిగించినచో క్రొత్త రెగ్యులేటరు క్షణములో కాలిపోవును.

వెనుకదీపముమాట ఇంకను మిగిలియున్నది. అది మొన్నటివఱకు కుంకుమబొట్టంత వెలుగుచుండెను. లారీవాని కది కనబడునో లేదో అతనినే యడుగవలెను. మేస్త్రి వచ్చు ఆదివారము రమ్మనిరి. ఎఱ్ఱని రిఫ్లెక్టరుబిళ్లలు రెండు ఎక్కువ కొనుమని మావారితో చెప్పితిమి. ఆ గొంగడి ముసలాయన తఱచు మా వీధినే పోవుచుండును. ఒకటి ఆయన సైకిలునకు.